జోర్గో క్లచ్చూ, కనపడకుండా పోయిన మార్చి నెలా

అక్-జార్ గ్రామం,
ఆగస్టు పంతొమ్మిది.

పూజ్యులైన తాతగారికి కనిషాయ్ సలాములు.

ఇక్కడ నానమ్మ క్షేమం. మూడు ఆవులూ క్షేమం, చుక్కదూడ క్షేమం, నేనూ క్షేమమే. మన మోటార్‌సైకిలు జోర్గో సంగతి విడిగా రాస్తాను. సరస్సు గాలి మీ ఒంటికి పడిందనీ, వేడి బురద పట్టీలకు మీ మోకాలు లొంగుతోందనీ తలుస్తున్నాను. మీ ఫోను మీరు వదిలివెళ్ళినట్టే అల్మారా పైన బోర్లా పడుకుని ఉంది. ఫోను మోగే చోట వైద్యం పనిచేయదన్న మీ సిద్ధాంతానికి ఆధారాలు లేవు. ఆ విషయం నేను మీకు బస్సు దగ్గరే నిరూపించాను. అయినా మీమీద నాకు కోపం లేదు. ఉత్తరంలో ఎదుటివాడు మధ్యలో అడ్డు తగలలేడు. వాదించే మనిషికి ఇంతకన్న అనుకూలమైన వేదిక మరొకటి లేదు.

ఇక మీ ప్రశ్నలకు వరుసగా జవాబులు.

పాలు వేళకు దిగుతున్నాయా అని అడిగారు. దిగుతున్నాయి. పొద్దున్నే నేనూ నానమ్మా జోర్గో మీద తాష్-బెల్ కనుమ దాటి మేత మైదానానికి వెళ్ళి, రెండు క్యాన్లు నింపుకుని, మళ్ళీ ఆ కనుమే ఎక్కి ఊళ్ళోకి తెస్తున్నాం. ఈ వాక్యంలో "ఎక్కి" అన్న మాటను ప్రస్తుతానికి ఉదారంగా అర్థం చేసుకోండి.

బిష్కెక్‌లో వక్తృత్వ పోటీ ఏమైందని అడిగారు. ప్రథమ బహుమతి నాదే. యంత్రాలు మనిషికి అహంకారం నేర్పుతున్నాయన్నది విషయం, నేను ఖండించాను. ప్రత్యర్థి నాలుగో నిమిషంలో నీళ్ళు అడిగాడు, ఏడో నిమిషంలో కుర్చీ అడిగాడు. బహుమతి పత్రం అట్టలా దళసరిగా, అంచులకు బంగారు రంగుతో ఉంది. అది ఇప్పుడు ఎక్కడుందో తర్వాత చెబుతాను.

మీ మూడో ప్రశ్న ప్రశ్న కాదు, ఆజ్ఞ. "క్లచ్ మూత విప్పవలసి వస్తే తుర్దుబెక్ ఒక్కడే విప్పుతాడు. నువ్వు దగ్గర ఉండవద్దు. అది ఆడపిల్లలు చూడదగినది కాదు." కింద మూడు గీతలు. తాతగారూ, నాకు ఆరో ఏట గుర్రం ఇచ్చారు. పన్నెండో ఏట గొర్రెను కోసే కత్తి ఇచ్చారు. ఇరవయ్యో ఏట జోర్గో తాళం ఇచ్చారు. నేను చూడకూడనిది ఒక ఇనుప మూత కింద మాత్రమే మిగిలి ఉందనడం నాకు తర్కవిరుద్ధంగా తోచింది. దీనికి జవాబు చివర్న ఉంది. ముందు చెబితే మీరు మిగతాది చదవరు.

ఈ నెల తొమ్మిదో తారీకున మైదానం నుంచి తిరిగి వస్తున్నాం. నానమ్మ పక్కతొట్టిలో కూర్చుంది, ఆమె కాళ్ళ దగ్గర రెండు క్యాన్లు. తాష్-బెల్ రెండో మలుపులో ఇంజను గొంతు హఠాత్తుగా లేచింది. వేగం లేవలేదు. నేను చేతిపిడి ఇంకా తిప్పాను. గొంతు ఇంకా లేచింది, వేగం తగ్గింది.

"ఏమిటే దీనికి, నొప్పులొస్తున్నాయా?" అంది నానమ్మ.

"ఎదురుగాలి నానమ్మా."

"గాలి వెనకనించి కొడుతోంది. నా తలగుడ్డ కొసలు చూడు, నాకంటే ముందు ఇంటికెళ్ళిపోతున్నాయి."

"ఇంత ఎత్తులో గాలి పలచన. ఇంజనుకి ఊపిరాడదు."

"ఎదురుగాలో, పలచగాలో, ఏదో ఒకటి చెప్పు పిల్లా. రెండూ ఒక్క గాలే ఎలా అవుతుంది?" అని, ముక్కు ఎగబీల్చింది. "గొర్రె తల కాలుస్తున్న వాసన. చుట్టుపక్కల ఎవరింట్లోనైనా విందా?"

చుట్టుపక్కల ఇల్లు లేదు. రాళ్ళూ, మేమూ, జోర్గో. నానమ్మ దిగింది. "నువ్వు మెల్లగా రా" అని వీపున చేతులు కట్టుకుని నడిచింది. మోటార్‌సైకిలును డెబ్బై ఒక్క ఏళ్ళ స్త్రీ దాటి వెళ్ళిపోవడం చూడగల ధైర్యం నాకు లేక నేల వైపు చూశాను. నేను కనుమ మీదికి చేరేసరికి ఆమె రాతి మీద కూర్చుని, తకిలితో బారెడు నూలు వడికేసింది.

"ఈ లెక్కన పాలు ఊరు చేరేలోపు వెన్న అవుతాయిలే. మంచిదే, చిలికే పని తప్పింది" అంది.

మీరు నాకు చెప్పిన గుర్తులు నేను మరిచిపోలేదు. గుర్రం వయసు పళ్ళలో తెలుస్తుంది, క్లచ్ వయసు కొండ మీద తెలుస్తుంది అన్నారు. ఇంజను అరిచి చక్రం కదలకపోతే ఒకటి. ఎడమచేతి లివరుకు వదులు లేకుండా పోతే రెండు. కాలిన వాసన వస్తే మూడు. మూడోది వచ్చాక ఇక లెక్కపెట్టకు అన్నారు. తొమ్మిదో తారీకున మూడూ వచ్చాయి. అయినా నేను ఒప్పుకోలేదు. ఎందుకో మీకు తెలుసు.

పోయిన అక్టోబరులో మీరు జోర్గోతో సహా కాలవలో పడి, గడ్డం నిండా నాచుతో ఇల్లు చేరిన రోజున నానమ్మ అప్పుడే తందూరులోంచి తీసిన రొట్టెను మీ చేతిలో పెట్టి ఒట్టు వేయించింది. "బండి మీద ఉన్న క్లచ్ ప్లేట్లు అరిగేదాకా నడుపుతాను. అవి పోయిన రోజున నేనూ దిగిపోతాను. మాట తప్పితే ఈ రొట్టె నన్ను కొట్టుగాక" అన్నారు మీరు. టీకి వచ్చిన ఒమూర్జాక్ తాత సాక్షి. రొట్టె మీద ఒట్టును తప్పిన మనిషి మన ఊళ్ళో లేడు. కనుక జోర్గో క్లచ్ పోయిందని నా నోటితో అనడమంటే, మీరు ఇక ఎన్నడూ తాష్-బెల్ మీద ఇంజను ఆపి, "విను" అని, ఏమీ వినపడని ఆ నిశ్శబ్దాన్ని నాకు చూపించరని తీర్పు చెప్పడం. ఆ తీర్పు మీద నేను సంతకం పెట్టలేను. అందుకని వాదించాను.

మొదట తుర్దుబెక్ అన్నతో వాదించాను. అతని తుప్పుపట్టిన ఇనుప డబ్బా మరమ్మతు షాపులో, పొద్దుతిరుగుడు గింజలు ఒలుచుకుంటూ అతను జోర్గో చుట్టూ ఒకసారి తిరిగాడు.

"లివర్ నొక్కు చెల్లెమ్మా. వదులుందా?"

"లేదు."

"వదులివ్వడానికి మరలో చోటు కూడా లేదు. చివరికంటా తిప్పేసి ఉంది. క్లచ్ పోయింది."

నేను మూడు భాగాలుగా ఖండించాను. ఒకటి, తీగ బిగుసుకోవడం తీగ దోషమే కావచ్చు. రెండు, రెండు క్యాన్ల పాలూ ఒక నానమ్మా మోయమంటే ఏ యంత్రమైనా అరుస్తుంది. మూడు, వాసన అన్నది అనుభూతి, సాక్ష్యం కాదు. ఇరవై నిమిషాలు పట్టింది. అన్న గింజలు అయిపోయాయి. పొట్టు దులుపుకుని లేచాడు.

"నువ్వే గెలిచావు చెల్లెమ్మా. నేను ఒప్పేసుకున్నాను. ఇక దీన్ని కూడా ఒప్పించు" అని జోర్గో సీటు తట్టాడు.

ఈ మాట ఎలా పాకిందో గాని, మర్నాటికి అంగడి ముందు బల్ల మీద ఒమూర్జాక్ తాత కూర్చుని ఉన్నారు. చుట్టూ ఎనిమిదిమంది ముసలివాళ్ళ తెల్లటోపీలు.

"ఏమే పిల్లా, మీ తాత ముకంబెత్ బండి ముసలిదైపోయిందటగా?"

"నిరూపించండి తాతా."

"నాకెందుకు? గోడ నిరూపిస్తుంది. తుర్దుబెకూ, గోడకి పెట్టరా!"

ఆ పరీక్ష ఏమిటో తుర్దుబెక్ అన్న వివరంగా చెప్పాడట. ముందు చక్రాన్ని గోడకు ఆన్చి, మూడో గేరు వేసి, లివరు మెల్లగా వదలాలి. క్లచ్ గట్టిదైతే కదలలేని చక్రంతో పాటు ఇంజను గొంతునూ పట్టి ఆపేస్తుంది. అరిగినదైతే జారిపోతూ ఊరుకుంటుంది, ఇంజను హాయిగా తిరుగుతూనే ఉంటుంది. "చెప్పాడట" అని ఎందుకంటున్నానంటే, ఆ సమయంలో నేను గోడకు సాక్ష్యమిచ్చే అర్హత లేదని ఒమూర్జాక్ తాతతో పోట్లాడుతున్నాను. వినలేదు.

గోడకు ఆన్చాను. మూడో గేరు. లివరు వదిలాను, పూర్తిగా వదిలాను. ఇంజను ఆగలేదు! గుడగుడమంటూ నిక్షేపంగా తిరుగుతోంది. నేను సీటు మీద లేచి నిలబడి రెండు చేతులూ పైకెత్తి, "బతికింది! చూశారా! ఆగలేదు!" అని అరిచాను.

ఒక్కరూ చప్పట్లు కొట్టలేదు. ఒమూర్జాక్ తాత టోపీ తీసి ఒళ్ళో పెట్టుకున్నారు.

"ఇంజను బతికిందంటే క్లచ్ చచ్చిందని, తల్లీ" అన్నారు, సంతాపం చెప్పే గొంతుతో.

కళాశాలలో మూడేళ్ళుగా వాదిస్తున్నాను. నా ఓటమికి నేనే జయధ్వానం చేయడం ఇదే మొదలు.

"సరే, ముకంబెత్‌కి కబురంపండి" అని ఆయన టోపీ మళ్ళీ పెట్టుకున్నారు. "వచ్చాక నా గాడిదబండిలో తిరగచ్చు. పక్కన చోటుంది. దారి పొడుగునా నా కిడ్నీ రాయి కథ చెప్తాను. ఆయన ఎప్పుడూ సగంలోనే లేచి వెళ్ళిపోయేవాడు."

తాతగారూ, ఆ రాత్రి నాకు అన్నపానాలు సహించలేదు. ఆ బండిలో, ఆ రాయి పక్కన మిమ్మల్ని ఊహించుకోలేకపోయాను.

మర్నాడు మధ్యాహ్నం తుర్దుబెక్ అన్న నూనె దింపి మూత విప్పడానికి కూర్చున్నాడు. నన్ను చూసి స్పానర్ కింద పెట్టాడు.

"నువ్వు ఇంటికెళ్ళు చెల్లెమ్మా."

"ఎందుకు?"

"పెద్దాయన చెప్పారు. ఆడపిల్లలు చూడకూడదని."

"ఏముంటుంది లోపల?"

"నూనె... ఉంటుంది."

"నూనె నేను చూడకూడదా? మా ఇంట్లో నూనె ఎవరు వాడతారనుకున్నావు?"

ఇక్కడ నేను చేసిన ప్రసంగాన్ని సంక్షేపిస్తున్నాను, ఎందుకంటే దాని సారాంశం మీకు వర్తిస్తుంది, ముఖాముఖి చెప్పవలసి ఉంది. మధ్యలో నానమ్మ టీ కూజా పట్టుకుని వచ్చింది. విషయం విని, డబ్బా షాపు గుమ్మంలో పీట వేసుకుని బైఠాయించింది. "అయితే నేనూ ఆడపిల్లనే, నేనూ చూస్తాను" అంది. తుర్దుబెక్ అన్న ఆకాశం వైపు చూసి స్పానర్ అందుకున్నాడు.

మూత వచ్చింది. మూతకూ ఇంజనుకూ మధ్య నూనె కారకుండా పెట్టే అట్ట కూడా ఊడి వచ్చింది. అన్న దాన్ని చటుక్కున గుడ్డ కింద దాచబోయాడు. నేను లాక్కున్నాను. నూనెలో నానిన దళసరి కాగితం, కత్తెరతో వంపులు తిప్పి కోసినది. దాని మీద అంకెలు. అంకెల పైన ఎర్ర అక్షరాలు: మార్చి. దాని కింద ఈ సంవత్సరం.

"మా మార్చి!" అంది నానమ్మ.

మీకు గుర్తుండే ఉంటుంది. మన గోడ క్యాలెండరులో ఫిబ్రవరి తర్వాత ఏప్రిల్ వచ్చింది. మార్చి ఏమైందంటే దూడ తినేసిందన్నారు మీరు.

"ఆ నోరులేని దాన్ని నెల్లాళ్ళు గుంజకి కట్టేశాను!" అంది నానమ్మ. "ఆవు ఈనే రోజు నేను దానిమీదే రాసుకున్నాను. ఇదిగో, ఇరవై రెండు చుట్టూ గుండ్రంగా గీశాను. ఇదిగో నా గీత! ఏరా తుర్దుబెకూ, అక్టోబర్లో ఒట్టేసిన క్లచ్చులోకి మార్చి నెల ఎలా దూరింది?"

అన్న చెవులు జోర్గో ఎర్ర రంగుకు తిరిగాయి.

"పెద్దమ్మా, ఒట్టేసిన ప్లేట్లు మార్చిలోనే పోయాయి. పెద్దాయన వచ్చి, కొత్తవి వెయ్యమన్నారు. ఎవరికీ చెప్పకూడదని నా చేత... రొట్టె మీద ఒట్టేయించారు."

"రొట్టె మీద ఒట్టు తప్పడానికి రొట్టె మీద ఒట్టా!"

"వెంటనే ఏప్రిల్లో ఆయన మోకాలు పట్టేసింది పెద్దమ్మా. 'కొట్టిందిరా తుర్దుబెకూ, నన్ను కొట్టేసింది, ఇక నీ వంతు' అన్నారు. అప్పట్నించి నేను మోకాళ్ళకి రెండేసి ఉన్ని తొడుగులు వేసుకుంటున్నాను. ఈ ఎండలో కూడా."

ప్యాంటు పైకి లాగి చూపించాడు. నిజమే.

నేను సెలవులకు వచ్చినప్పటినుంచీ మీరు రొట్టెను రెండు చేతులా పట్టుకుని, దాని ముఖం చూడకుండా ఎందుకు తింటున్నారో నాకు అప్పుడు బోధపడింది. ఆ క్షణంలో నాకు కలిగిన ఆనందాన్ని దాచను. ప్రతివాది దొరికాడు! ఇంట్లో దోషి నేను కాదు! వెంటనే తుర్దుబెక్ అన్న మీదికి తిరిగాను.

"మార్చిలో వేసిన కొత్త ప్లేట్లు ఆగస్టుకే ఎలా పోయాయి? నాసిరకం వేశావు!"

అన్న ప్లేట్లు ఒక్కొక్కటే తీసి గుడ్డ మీద పరిచాడు. ఉక్కు బిళ్ళలు వేడికి నీలం తిరిగి ఉన్నాయి. వాటి మధ్యవి నల్లగా, అద్దంలా నున్నబడిపోయాయి.

"బండి ఎక్కు. హ్యాండిల్ పట్టుకో. రోజూ ఎలా పట్టుకుంటావో అలానే."

ఎక్కి పట్టుకున్నాను.

"ఎడమ చెయ్యి ఏం చేస్తోంది?"

"ఏమీ చెయ్యడం లేదు."

"పెద్దమ్మా, మీరు చెప్పండి."

నానమ్మ టీ గిన్నె దించి వంగి చూసింది. "రెండు వేళ్ళు లివరు మీదున్నాయి. కాస్త లాగి పట్టుకుంది."

"కళ్ళెం!" అన్నాడు అన్న. "గుర్రం మీద పెరిగిన పిల్ల. ఎడమ చేతిలో కళ్ళెం వదులైతే గుర్రం పడేస్తుందని భయం. క్లచ్‌ని రోజంతా సగం లాగి పట్టుకుంటోంది, ఎత్తు ఎక్కేటప్పుడు ఇంకాస్త. అటు పూర్తిగా పట్టదు, ఇటు పూర్తిగా వదలదు. మధ్యలో ప్లేట్లు ఒకదాన్నొకటి రాసుకుని కాలిపోయాయి. మొదటిసారి బండెక్కిన ప్రతి గుర్రపువాడూ చేసేదే ఇది. కాని వాళ్ళు మూడు రోజుల్లో మానేస్తారు. ఎవరైనా చెప్తే వింటారు గనక."

మీరు చెప్పారు. "ఎడమ చెయ్యి కళ్ళెం కాదు" అని జూన్‌లో చెప్పారు, జూలైలో చెప్పారు, బస్సు కిటికీలోంచి కూడా చెప్పారు. నేను అప్పుడు ఫోను గురించి వాదిస్తున్నాను.

ఇదీ నేను పది పేజీలుగా దాచిన మాట. ఎదురుగాలి కాదు, పలచగాలి కాదు, పాలూ కాదు, నానమ్మ బరువూ కాదు. మీ జోర్గో క్లచ్‌ను కాల్చింది నా రెండు వేళ్ళు. ఊరంతటి ముందూ నేను కాపాడబోయినదాన్ని రోజూ నేనే రుద్ది చంపాను. నా వాదనలో తప్పు లేదు తాతగారూ. వాదించే మనిషి చేతిలోనే ఉంది తప్పు. క్షమించండి.

నేను తల దించుకుని ఉండగా తుర్దుబెక్ అన్న పై అర వెనక నుంచి ఒక పొట్లం తీసి నా ముందు పెట్టాడు. కొత్త ప్లేట్లు. మార్చిలోనే మీరు రెండు జతలు తెప్పించారట. పొట్లం మీద మీ చేతిరాత: "కనిషాయ్ సెలవులకు."

నేను ఆ పేరును, ఆ ఒక్క మాటను చాలాసేపు చదివాను. నేను కాలుస్తానని మీకు మార్చిలోనే తెలుసు. తెలిసీ తాళం ఇచ్చారు, కాల్చుకోవడానికి సరిపడా ప్లేట్లు కూడా ఇచ్చారు. దీనికి ప్రతివాదం నా దగ్గర లేదు. ఈ వాక్యం నేను జీవితంలో మొదటిసారి రాస్తున్నాను, భద్రపరచుకోండి.

ప్లేట్లు ఉన్నాయి గాని మూత కింద పెట్టడానికి అట్ట లేదు. మార్చి చిరిగిపోయింది.

"దళసరి కాగితం కావాలి. గట్టిది. నూనెకి లొంగనిది" అన్నాడు అన్న.

"ఏప్రిల్ ముట్టుకుంటే చేతులు విరగ్గొడతాను" అంది నానమ్మ.

నేను ఇంటికి వెళ్ళి, రొట్టెల పెట్టె వెనక నుంచి నా ప్రథమ బహుమతి పత్రం తెచ్చాను. అన్న దాన్ని అటూ ఇటూ వంచి చూసి, "ఆహా, ఇలాంటిది నగరంలోనే దొరుకుతుంది" అని మూత దాని మీద పెట్టి పెన్సిలుతో గీసి కోసేశాడు. "వాగ్ధాటికి" అన్న మాట సరిగ్గా కింది బోల్టు దగ్గరికి వచ్చింది. బిగించాం, నూనె పోశాం. గోడకు ఆన్చి మూడో గేరు వేసి లివరు వదిలాను. ఇంజను ఒక్క దగ్గు దగ్గి చచ్చిపోయింది. ఈసారి నేను చేతులెత్తలేదు, నానమ్మ ఎత్తింది.

మిగిలింది ఒట్టు. మీరు గాడిదబండి ఎక్కాలా వద్దా? నేను సిద్ధం చేసుకున్న పదకొండు వాదాలనూ నానమ్మ చేయి అడ్డుపెట్టి ఆపేసింది. పిండి కలిపింది. మొన్న తెల్లవారుతూనే ఏడు రొట్టెలు కాల్చి, తప్పిన ఒట్టు విడుదల కావాలని మొక్కి, ఏడు ఇళ్ళకు పంచింది. మొదటి రొట్టె ఒమూర్జాక్ తాతకు.

"ఇదేమిటి?" అన్నారాయన.

"మా ముసలాయన ఒట్టు. తినేయండి."

"అలా ఎలా? ఊరి సాక్షిని నేను—"

"వేడిగా ఉంది, వెన్న రాశాను."

తినేశారు. సాక్ష్యం కడుపులో పడింది. తిన్న రొట్టె మీద తగువు పెట్టుకునేవాడు మన ఊళ్ళో లేడని మీకు తెలుసు. రెండోది తుర్దుబెక్ అన్నకు. తిని, ఉన్ని తొడుగులు విప్పాడు.

అయితే నానమ్మ ఒక షరతు పెట్టింది. ఆమె మాటలు ఆమె చెప్పినట్టే రాస్తున్నాను: "నస్యం పీల్చి పీల్చి ఆ మనిషి ముక్కు ఎప్పుడో పోయింది. కాలిపోతున్నా తెలీదు. ఇకమీదట నేను లేకుండా బండి గేటు దాటదు. పక్కతొట్టిలో నేనుంటాను. వాసనొస్తే నేను చెప్తాను, ఆయన ఆపుతాడు. ఒట్లూ వద్దు, గిట్లూ వద్దు. నా ముక్కు చాలు." తర్వాత తలగుడ్డ సవరించుకుంటూ, "అక్టోబర్లో అడిగినా ఈ మాటే చెప్పేదాన్ని. అడగలేదుగా. రొట్టె ముందు పెడితే భయపడి ఒట్టేశాడు" అంది.

కనుక త్వరగా కోలుకుని రండి. జోర్గో తాష్-బెల్‌ను ఇప్పుడు మూడో గేరులో ఎక్కుతోంది, గొంతు లేవకుండా, నానమ్మ దిగకుండా. నూనె చుక్క కూడా కారడం లేదు. నా వాగ్ధాటి మొదటిసారి ఒక చోట కుదురుగా, మూసుకుని, పనికివచ్చేలా ఉంది.

దూడను మీరు వచ్చి స్వయంగా క్షమాపణ అడగాలని నానమ్మ ఆజ్ఞ. ఇందులో నేను ఆమె పక్షమే.

ఇట్లు,
ఎడమచేతి అయిదు వేళ్ళూ పిడికే అప్పగించిన
మీ మనవరాలు
కనిషాయ్